తిరుపతి నుంచి రేసుగుర్రాల లాయం దాకా: పని ఎలా వెతుక్కోవాలి, అందులో ఎలా ఎదగాలి

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి అశ్వవాహనం. కల్కి రూపంలో ఉన్న స్వామిని చూసి, దండం పెట్టుకుని, ఇంటికి వచ్చేస్తాం. మనవైపు చాలామందికి గుర్రంతో ఉన్న పరిచయం అంతవరకే. మళ్ళీ ఎప్పుడైనా పెళ్ళి ఊరేగింపులో కనిపిస్తుంది. అప్పుడు దాని మీద పెళ్ళికొడుకు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటాడు.

నేను బెంగళూరులో రేసుగుర్రాల లాయాల్లో తొమ్మిదేళ్ళు పనిచేసి, పెళ్ళయ్యాక తిరుపతికి తిరిగి వచ్చినవాణ్ణి. ఆ సంగతి తెలిసినవాళ్ళు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతారు. "మావాడు సన్నగా ఉంటాడు, గుర్రాలంటే ప్రాణం, జాకీ అవుతాడా అన్నా?" పొద్దున నాలుగింటికి ఎవరూ లేపకుండా లేస్తాడా అని నేను ఎదురు అడుగుతాను. అక్కడే సగం మంది ఫోను పెట్టేస్తారు. మిగతా సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో టర్ఫ్ క్లబ్బు, అంటే గుర్రప్పందేలు జరిపే సంస్థ, నడిపే రేసుకోర్సు లేదు. పని కావాలంటే ఊరు దాటాలి. అయితే మనం మరీ దూరంలో లేము. తిరుపతి నుంచి బెంగళూరు సుమారు 250 కిలోమీటర్లు, చిత్తూరు నుంచి 180. కుప్పం వాళ్ళయితే పొద్దున రైలెక్కి సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు. హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సుకు ఒక రాత్రి ప్రయాణం. మైసూరు, పుణె, ముంబయి, కోల్‌కతా ఆ తర్వాత. చెన్నై దగ్గరే కదా అంటారు. అక్కడ గిండీలోని రేసుకోర్సు భూమి లీజు గురించి తమిళనాడు ప్రభుత్వానికీ అక్కడి క్లబ్బుకూ మధ్య వివాదం 2024లో బాగా ముదిరింది. కాబట్టి కొత్తగా పని వెతికేవాళ్ళకు నేను ముందు బెంగళూరు, తర్వాత హైదరాబాదు అనే చెబుతాను.

మొదటి పని: పందెం సంగతి తేల్చుకోండి

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. క్లబ్బులు చట్టబద్ధంగా నడిచేది అందుకే. కానీ మీకు కావలసింది పందెం కాసే సరదానా, గుర్రంతో పనిచేసే బతుకా అన్నది బయలుదేరేముందే నిర్ణయించుకోవాలి. ఈ రెండూ ఒకచోట ఇమడవు. జాకీలు పందెం కాయకూడదన్నది రేసు నిబంధన. పట్టుబడితే లైసెన్సు పోతుంది. లాయంలో పనిచేసేవాళ్ళు కూడా దానికి దూరంగా ఉంటేనే మంచిది.

మొదటి ఏడాదే నాకిది తెలిసివచ్చింది. నేను చూసుకునే గుర్రం ఆ వారం దాణా బాగా తింటోందని మా పెద్దమ్మ కొడుకుతో మాటవరసకు అన్నాను. ఆయన దాన్ని లోపలి సమాచారం అనుకుని ఆదివారం డబ్బు పెట్టాడు. గుర్రం ఆరో స్థానంలో వచ్చింది. ఆయన రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. మీరు లాయంలో చేరిన మర్నాటి నుంచి ఇలాంటి అన్నదమ్ములు ఎక్కడెక్కడి నుంచో పుట్టుకొస్తారు. "నాకు తెలియదు" అనే జవాబు ముందే అలవాటు చేసుకోండి.

రెండో పని: మీ తలుపు ఏదో చూసుకోండి

రేసు అనగానే అందరికీ జాకీయే కనిపిస్తాడు. ఒక్క జాకీ గుర్రమెక్కాలంటే దాని వెనక లాయంలో గుర్రాన్ని చూసుకునే సైసు, రైడింగ్ బాయ్, సైసులందరి మీద పెద్ద అయిన జమేదారు, లాడాలు కొట్టే మనిషి, పశువైద్యుడు, ట్రైనరు, ట్రాక్ చదును చేసేవాళ్ళు, క్లబ్బు అధికారులు, అందరూ ఉండాలి. మీ శరీరం, మీ చదువు చూసి ఇందులో ఒకటి ఎంచుకోవాలి.

జాకీ సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే నిరాశ ఎక్కువగా అక్కడే. హ్యాండిక్యాప్ రేసుల్లో బాగా పరుగెత్తే గుర్రం ఎక్కువ బరువు మోయాలి, వెనకబడిన గుర్రం తక్కువ మోయాలి. ఆ తక్కువ బరువు 50 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, అందులో జీను కూడా కలిసే లెక్క. అంటే మనిషి బరువు దానికంటే తక్కువ ఉండాలి, పైగా అర టన్ను జంతువును చేతులతో, తొడలతో ఆపగలిగే బలం ఉండాలి. కుర్రాడు ఇవాళ సన్నగా ఉన్నాడా అన్నది కాదు చూడవలసింది. వాడి నాన్ననూ మేనమామలనూ చూడండి. వాడి పాదాలు చూడండి. పద్నాలుగేళ్ళకే తొమ్మిదో నంబరు చెప్పులు వేస్తుంటే వాడు ఇంకా పొడవు పెరుగుతాడు. బరువు తగ్గించుకోవడానికి పస్తులుండే కుర్రాళ్ళను నేను చూశాను. రేసుకు ముందురోజు నోరు తడుపుకోవడానికి కూడా భయపడతారు. ఆ బతుకు అందరికీ పడదు.

ఒళ్ళు సరిపోతుందని నమ్మకం ఉంటే, పెద్ద క్లబ్బులు నడిపే అప్రెంటిస్ జాకీల శిక్షణకు ప్రయత్నించండి. వయసు, బరువు, చదువు, వైద్య పరీక్ష, తల్లిదండ్రుల సంతకం, ఇవన్నీ అడుగుతారు. ప్రకటన ఎప్పుడు వస్తుందో నేరుగా క్లబ్బు కార్యాలయంలోనే కనుక్కోండి, మధ్యవర్తి మాట నమ్మకండి. శిక్షణలో మొదటి నెలల్లో గుర్రమెక్కడం కంటే పేడ ఎత్తడమే ఎక్కువ. తర్వాత అప్రెంటిస్‌గా లైసెన్సు వస్తే, కొత్తవాడని గుర్రం మోసే బరువులో కొంత మినహాయింపు ఇస్తారు. గెలుపులు పెరిగేకొద్దీ ఆ మినహాయింపు తగ్గుతూ పోతుంది. అది పూర్తిగా పోయిన రోజున కూడా ట్రైనర్లు పిలిచి గుర్రం ఇస్తే నిలబడ్డట్టు. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఈ రంగంలో కుటుంబాల బలం ఎక్కువ. మాలేష్, సతీష్, సూరజ్ నర్రెడు, ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళు. అలాగని బయటివాళ్ళకు చోటు లేదని కాదు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే, చెన్నైకి చెందిన రూపా సింగ్ పేరు గుర్తుపెట్టుకోండి. దేశంలో తొలి మహిళా ప్రొఫెషనల్ జాకీగా ఆమెకు పేరు. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు నవ్వినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

50 కిలోలు దాటినవాళ్ళు రైడింగ్ బాయ్ కావచ్చు. పొద్దున ట్రాక్ మీద గుర్రాలకు వ్యాయామం ఇచ్చేది వీళ్ళే. ఇక్కడ బరువు పట్టింపు కాస్త తక్కువ, తేలికైనవాళ్ళకు గిరాకీ ఎక్కువ. ఏ బరువైనా, ఏ చదువైనా ఫరవాలేదు అనేది సైసు పని. పదో తరగతి పాసైతే ఇంకో మంచి దారి ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

మూడో పని: ఊళ్ళోనే గుర్రాన్ని ముట్టుకోండి

బెంగళూరు వెళ్ళి "నాకు గుర్రాలంటే ఇష్టం" అంటే ఎవరూ పట్టించుకోరు. "దగ్గరికి వెళ్ళడం, తల పగ్గం వేయడం, డెక్కలు తీయడం వచ్చు" అంటే ఆగి వింటారు. ఆ మూడూ నేర్చుకోవడానికి రేసుగుర్రం అక్కరలేదు. తిరుపతిలోనూ చిత్తూరులోనూ పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. ముహూర్తాలు లేని ఆషాఢంలో వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. జీతం అడగకుండా నెల రోజులు పొద్దున, సాయంత్రం సాయం చేస్తాను అనండి. కాదనేవాళ్ళు తక్కువ.

గుర్రం కళ్ళు తలకు పక్కల ఉంటాయి. అందుకే దాదాపు చుట్టూ చూడగలదు. సరిగ్గా తోక వెనకా, ముక్కు ఎదుటా మాత్రం దానికి కనిపించదు. ఆ రెండుచోట్ల నుంచీ వెళ్ళకండి. ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒక మాట అంటూ, నింపాదిగా వెళ్ళండి. ముందు మెడ మీద చెయ్యి వేయండి. పగ్గాన్ని ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి, మడతలు పెట్టి పట్టుకోండి. గుర్రం ఉలిక్కిపడి లాగితే చుట్టుకున్న తాడు వేళ్ళను విరిచేస్తుంది.

డెక్క తీయడం ఇలా. గుర్రం తోక వైపు ముఖం పెట్టి, దాని భుజం పక్కన నిలబడండి. చేతిని భుజం మీద నుంచి కాలి వెనక నరం మీదుగా నెమ్మదిగా కిందికి జార్చండి. మడమ పైన కొద్దిగా నొక్కితే, అలవాటున్న గుర్రం తానే కాలు ఎత్తి ఇస్తుంది. ఇవ్వకపోతే మీ భుజంతో దాని భుజాన్ని కాస్త నెట్టండి, బరువు అవతలి కాలి మీద పడుతుంది. డెక్క అడుగున మూడు మూలల మెత్తని భాగం కనిపిస్తుంది. ఇంగ్లిషులో దాన్ని ఫ్రాగ్ అంటారు, కప్ప అని ఎందుకన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దానికి రెండు పక్కలా ఉన్న గాళ్ళలో మట్టీ పేడా ఇరుక్కుంటాయి. కొక్కెంతో మడమ నుంచి వేలి కొస వైపు గీకాలి, ఎదురు గీకితే మెత్తని భాగానికి దెబ్బ తగులుతుంది. తీశాక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. మామూలు పేడ వాసన అయితే సరే. నల్లటి జిగురూ కుళ్ళు వాసనా ఉంటే, కింద తడి ఎక్కువైందని అర్థం. మొహం చిట్లించకుండా వాసన చూసినవాణ్ణి జమేదారు గుర్తుపెట్టుకుంటాడు.

చెప్పులతో మాత్రం గుర్రం దగ్గరికి వెళ్ళకండి. నా కుడికాలి బొటనవేలికి గోరు సరిగా ఉండదు. మొదటి వారంలో రబ్బరు చెప్పులతో వెళ్ళిన గుర్తు అది.

పాత చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఇంకో లాభం ఉంది. ఎద్దులతో, ఆవులతో మసలినవాడికి జంతువు చెవులూ తోకా చదవడం వచ్చేసి ఉంటుంది. గుర్రం చెవులు వెనక్కి అతుక్కుంటే కోపం, ముందుకు నిలబడితే కుతూహలం. ఉలవలు పండించే నేలలో పుట్టి గుర్రాన్ని చూసి భయపడితే బాగుండదు కదా.

నాలుగో పని: ట్రైనర్‌ను వెతికే పద్ధతి

సైసునూ రైడింగ్ బాయ్‌నూ పనిలో పెట్టుకునేది సాధారణంగా ట్రైనర్. గుర్రాల యజమానులు వేరు. ట్రైనర్‌కు క్లబ్బు లైసెన్సు ఉంటుంది, లాయాలు క్లబ్బు ఆవరణలో ఉంటాయి, లోపలికి వెళ్ళాలంటే పాసు కావాలి. కాబట్టి గేటు దగ్గర నిలబడితే లాభం లేదు.

నేను చెప్పే చిట్కా ఇది. రేసు జరిగే రోజు అచ్చువేసే రేసు పుస్తకం ఒకటి కొనండి. ప్రతి గుర్రం పేరు పక్కన ట్రైనర్ పేరు ఉంటుంది. పందెం రాయుళ్ళు దాన్ని గెలిచే గుర్రం కోసం తిరగేస్తారు, మీరు పెన్సిలు పట్టుకుని ఏ ట్రైనర్‌కు ఎన్ని గుర్రాలున్నాయో లెక్కపెట్టండి. రెండు మూడు వారాలు అలా చేస్తే ఎవరి లాయం పెద్దదో, ఎవరిది పెరుగుతోందో తెలుస్తుంది. ఒక సైసు చూసుకోగలిగేది ఒకటి రెండు గుర్రాలనే, మహా అయితే మూడు. గుర్రాలు పెరిగే చోట మనుషులు కావాలి. ఆ నాలుగైదు పేర్లు రాసుకుని, క్లబ్బు కార్యాలయం ద్వారా వాళ్ళకు కబురు పంపండి, లేదా వాళ్ళ జమేదారును పట్టుకోండి.  బయటి టీ కొట్లలో పొద్దున తొమ్మిది దాటాక వాళ్ళు దొరుకుతారు. ట్రాక్ పని అప్పటికి ముగుస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి? బెంగళూరులో వేసవి సీజను మేలో మొదలవుతుంది, చలికాలపు సీజను నవంబరులో. హైదరాబాదులో వర్షాకాలపు సీజను జులై నుంచి, చలికాలపుది నవంబరు నుంచి. సీజనుకు నెల ముందు వెళ్ళండి. రేసుల మధ్యలో వెళితే ఎవరికీ మీకు పని నేర్పే తీరిక ఉండదు. హైదరాబాదులో అక్టోబరు 2న డెక్కన్ డెర్బీ అనే పెద్ద రేసు జరుగుతుంది. ఆ వారం మలక్‌పేటలో పని అడిగితే మీ ముఖం వైపు కూడా చూడరు.

భాష గురించి దిగులు వద్దు. లాయాల్లో హిందీ, దక్కనీ ఉర్దూ కలిసిన ఒక భాష నడుస్తుంది, బెంగళూరులో దానికి కన్నడం, తమిళం తోడు. పలమనేరు, కుప్పం వైపు వాళ్ళకు ఈ నాలుగూ చెవిన పడుతూనే ఉంటాయి. కోస్తా నుంచి వచ్చిన కుర్రాళ్ళ కంటే మనవాళ్ళు ముందే కలిసిపోవడం నేను చూశాను.

ఐదో పని: మొదటి మూడు నెలలు నిలబడటం

నాలుగింటికి లాయం తెరుస్తారు. మీరు మొదట చూడవలసింది గుర్రాన్ని కాదు, దాని దాణా తొట్టిని. రాత్రి పెట్టింది ఖాళీ అయిందా? మిగిలితే ఎంత మిగిలింది? ఆ మాట జమేదారుకు చెప్పాలి. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మన సామెత. రేసుగుర్రం దాణాకు తక్కువ చేసిందంటే ఒంట్లో ఏదో ఉందన్నమాట. తర్వాత ముందుకాళ్ళు చూడాలి. మోకాలి కింద, వెనక వైపు నరాలను రెండు చేతులతో ఒకేసారి పట్టి పోల్చాలి. ఒక కాలు రెండోదానికంటే వెచ్చగా తగిలినా, కాస్త బొద్దుగా తగిలినా చెప్పాలి. ఆ వేడి ఎవరి చేతికి ముందు తెలుస్తుందో వాడే మంచి సైసు.

తెల్లవారేలోపు ట్రాక్ పని. రైడింగ్ బాయ్‌లు తిరిగి వచ్చాక గుర్రం ఊపిరి నెమ్మదించేవరకూ చేత్తో పట్టుకుని నడిపించాలి. కడగాలి, తుడవాలి, మాలీసు చేయాలి. దాణా పెట్టాలి. మధ్యాహ్నం కాస్త పడుకోవచ్చు. మూడింటికి మళ్ళీ మొదలు. ఆదివారం, పండుగ అనే తేడా గుర్రానికి తెలియదు. సంక్రాంతికి ఇంటికి వస్తానని అమ్మకు మాట ఇవ్వకండి, అది చలికాలపు సీజను.

నా రెండో నెలలో ఒక రాత్రి, నా గుర్రం దాణా ముట్టలేదు. ముందుకాలితో నేలను గీరుతోంది, మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. నిద్ర వస్తోందేమో అనుకుని నేను పడుకోబోయాను. జమేదారు అటుగా వచ్చి, ఒక్క క్షణం చూసి, దాని డొక్కకు చెవి ఆనించాడు. మామూలుగా గుర్రం కడుపులో గుడగుడలు వినిపిస్తూనే ఉంటాయి. ఆ రాత్రి ఏమీ వినిపించలేదు. కడుపు నొప్పి, వాళ్ళు కోలిక్ అంటారు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, లోపల ఇరుక్కున్నది బయటికి వచ్చే దారి ఒక్కటే. ముదిరితే ప్రాణం పోతుంది. డాక్టరు వచ్చేవరకూ దాన్ని పడుకుని దొర్లనివ్వకుండా నడిపిస్తూ ఉన్నాం. తెల్లవారుజామున పేడ వేసింది. పేడ చూసి అంత సంతోషపడటం అదే మొదటిసారి.

చేరేముందే ధనుర్వాతం టీకా వేయించుకోండి. ఆ క్రిములకు గుర్రపు లాయం ఇష్టమైన చోటు, చిన్న గాయం చాలు. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికి కూడా అంటుకోవచ్చు. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, ఒంటి మీద పుండ్లు ఉన్న గుర్రాన్ని ముట్టుకోకుండా వెంటనే చెప్పండి.

ఆరో పని: డబ్బు ముందే అడగండి

మనవాళ్ళకు ఇక్కడ మొహమాటం ఎక్కువ. జీతం ఎంత, ఏ తారీఖున, ఎవరు ఇస్తారు, అని అడగండి. గుర్రం గెలిస్తే బహుమతి సొమ్ములో సైసుకు ఏమైనా వస్తుందా? పడుకోవడానికి గది ఉందా? నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్ళకు ఈఎస్ఐ వర్తించాలి, దాని నంబరు అడగండి. పీఎఫ్ కోస్తున్నారా? గుర్రం తన్నితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? ఈ చివరి ప్రశ్నకు తడుముకునే చోట చేరకండి. నేను చేరిన మొదటి లాయంలో ఇవేవీ అడగలేదు. పక్కటెముక విరిగి నలభై రోజులు మంచం మీద ఉన్నప్పుడు జీతం రాలేదు, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్నాను.

పని ఇప్పిస్తానని ఎవరికైనా డబ్బు కట్టవలసి వస్తే అది పని కాదు. 18 ఏళ్ళు నిండని పిల్లవాణ్ణి జీతానికి లాయంలోకి పంపకండి. జాకీ శిక్షణ అయితే క్లబ్బు పేరు మీదే, కాగితాలతోనే.

ఏడో పని: పైకి ఎక్కే మెట్లు

సైసుగా చేరి, పనితనం చూపితే రైడింగ్ బాయ్‌గానో జమేదారుగానో ఎదగవచ్చు. జమేదారు నుంచి అసిస్టెంట్ ట్రైనర్ కావాలంటే చదవడం, రాయడం కావాలి. దాణా లెక్కలు, మందుల పుస్తకం, రేసుల్లో గుర్రాల పేర్లు నమోదు చేయడం, అన్నీ కాగితం మీదే. ట్రైనర్ లైసెన్సుకు ఏళ్ళ తరబడి అనుభవం చూస్తారు, నిబంధనల మీద ప్రశ్నిస్తారు. అందుకే మొదటి రోజు నుంచే ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ గుర్రం ఏ రోజు ఎంత తిన్నది, ఏ కాలు వెచ్చగా ఉంది, ఎంత దూరం ఎంత సమయంలో పరుగెత్తింది. నా తోటి సైసు ఒకతను ఇలా ఆరు పుస్తకాలు నింపాడు. ఇప్పుడు అతను అసిస్టెంట్ ట్రైనర్. నేను నింపలేదు, తిరుపతిలో ఉన్నాను.

లాడాల పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రేసుగుర్రానికి నాలుగైదు వారాలకోసారి లాడాలు మార్చాలి, రేసుకు తేలికైన అల్యూమినియం లాడాలు వేస్తారు. మేకు ఒక్క నూలు లోపలికి దిగితే గుర్రం కుంటుతుంది, లక్షల రూపాయల రేసు పోతుంది. కాబట్టి చెయ్యి తిరిగిన మనిషికి ఏ లాయంలోనైనా గౌరవం ఉంటుంది. మన పల్లెల్లో ఎద్దులకు లాడాలు కొట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు ముక్కలు, గుర్రానికి ఒక్కటే గుండ్రటి లాడం. కొలత వేరు, చెక్కడం వేరు, కానీ సుత్తి పట్టిన చేతికి ఆ తేడా నేర్పడం కష్టం కాదు. ట్రాక్టర్లు వచ్చాక పని తగ్గిందని బాధపడే ఆ ఇళ్ళలోని కుర్రాళ్ళకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించదు. రెండేళ్ళు పెద్ద పనివాడి దగ్గర సహాయకుడిగా ఉండాలి, అంతే.

ఇక చదువు దారి. దీని కోసం మనం బయటికి వెళ్ళనక్కరలేదు, బయటివాళ్ళే తిరుపతికి వస్తారు. ఇక్కడి పశువైద్య కళాశాల 1955లో మొదలైంది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. పదో తరగతి తర్వాత రెండేళ్ళ పశుసంవర్ధక డిప్లొమా ఉంది, గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలకు పనికివచ్చే చదువు అదే. ఆ డిప్లొమాతో సైసులకు దొరకని పని దొరుకుతుంది. గుర్రాలను పుట్టించి పెంచే స్టడ్ ఫారాల్లో, గుర్రాల ఆసుపత్రుల్లో డాక్టరు పక్కన నిలబడే పని. బైపీసీ చదివినవాళ్ళు బీవీఎస్సీ చేస్తే, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. ఆ కోర్సులో గేదెలు, ఆవులదే పెద్దపీట, గుర్రం కొద్దిగానే తగులుతుంది. కాబట్టి ఇంటర్న్‌షిప్ ఏడాదిలో రేసుకోర్సు ఆసుపత్రికి వెళ్ళే అవకాశం అడిగి తీసుకోండి. తర్వాత శస్త్రచికిత్సలో పీజీ చేస్తే కుంటు కాళ్ళ పని మీద పట్టు వస్తుంది. పరిశోధన ఇష్టమైతే హర్యానాలోని హిస్సార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. రేసుకు ముందు గుర్రాన్ని పరీక్షించేదీ, రేసు తర్వాత నిషేధిత మందుల పరీక్షకు మూత్రం నమూనా తీయించేదీ పశువైద్యులే. ఈల వేస్తూ, సీసా పట్టుకుని, గుర్రం ఎప్పుడు కరుణిస్తుందా అని అరగంట నిలబడే ఉద్యోగం కూడా అందులో ఉంది.

ఇక స్టడ్ ఫారం సంగతి. రేసుల గోల లేదు, ప్రశాంతం. పుణె ప్రాంతంలో ఇవి ఎక్కువ. బెంగళూరుకు 70 కిలోమీటర్ల దూరంలో కుణిగల్ ఫారం ఉంది, టిప్పు సుల్తాన్ కాలం నుంచి గుర్రాలకు పేరున్న ఊరు. ఈత కాలంలో రాత్రంతా చూలు గుర్రం పక్కన కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళు అటు వెళ్ళండి. పెళ్ళాం పిల్లలతో స్థిరపడాలనుకునేవాళ్ళకు రేసుకోర్సు కంటే అదే నయం.

రేసు రోజున కంప్యూటర్ల మీద, టికెట్ కిటికీల దగ్గర, కెమెరాల దగ్గర పనిచేసే ఉద్యోగాలు కూడా ఉన్నాయి. గుర్రంతో సంబంధం లేనివి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను.

విదేశాల మాట

భారతీయ రైడర్లు ఐర్లండు, ఇంగ్లండు, న్యూజీలాండు, దుబాయి లాయాల్లో పనిచేస్తున్నారు. నిజమే. ఇక్కడ మూడు నాలుగేళ్ళు ట్రాక్ మీద స్వారీ చేసి, ట్రైనర్ దగ్గర అనుభవ పత్రం తీసుకున్నవాళ్ళకే అది సాధ్యం. కొత్తవాణ్ణి నేరుగా దుబాయి పంపుతానని ఎవరైనా అంటే అడగవలసింది రెండే. మొదటిది, విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో మీ ఏజెన్సీ నమోదై ఉందా? రెండోది, రుసుము ఎంత? చట్టప్రకారం 30,000 రూపాయలూ దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ రకంలో ఉంటుంది, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే వాళ్ళకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. సందర్శకుల వీసా మీద పంపి అక్కడ మారుస్తాం అంటే లేచి వచ్చేయండి.

ఒక అనుమానం మిగిలి ఉంటుంది. ఈ రంగం ఎన్నాళ్ళు నిలుస్తుంది? పందెం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 40 శాతం అయింది. పందెం తగ్గితే క్లబ్బు ఆదాయం తగ్గుతుంది, బహుమతి సొమ్ము తగ్గుతుంది, చివరికి అది సైసు జీతం దాకా వస్తుంది. బెంగళూరు రేసుకోర్సును నగరం బయటికి తరలించాలన్న మాట కూడా ఏళ్ళుగా నలుగుతోంది. అందుకే నేను టికెట్ కిటికీ ఉద్యోగం కంటే చేతిలో ఉండే పని నేర్చుకోమంటాను. లాడం కొట్టడం, స్వారీ, కాళ్ళ వేడి చూడటం, ఇవి వచ్చినవాడు రేసుకోర్సు మూతపడినా రైడింగ్ స్కూలుకో, పోలీసు అశ్వదళానికో, స్టడ్ ఫారానికో వెళ్ళవచ్చు.

బయలుదేరే రోజు

సంచిలో ఇవి ఉండాలి. వేళ్ళు కప్పే గట్టి బూట్లు, పొడుగు చేతుల చొక్కాలు నాలుగు, చిన్న టార్చి, నోటుపుస్తకం, ఆధార్ నకళ్ళు ఆరు, ఫొటోలు పది, పదో తరగతి పాసైతే మార్కుల జాబితా. లాయంలోకి వెళ్ళే పాసు ఇచ్చేముందు పోలీసు ధ్రువీకరణ అడగవచ్చు, కాబట్టి మీ ఊరి స్టేషన్ నుంచి ముందే తీసుకోండి. అత్తరు, ఘాటు సెంటు వద్దు, కొన్ని గుర్రాలకు అది పడదు. రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచండి.

తిరుపతిలో రాత్రి బస్సెక్కితే చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా తెల్లవారుజామున బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దింపుతుంది. రేస్ కోర్సు రోడ్డు అక్కడికి దగ్గరే, నడిచి వెళ్ళవచ్చు. ప్రహరీ పక్కగా నడుస్తుంటే గుర్రాలు కనిపించకముందే వాటి వాసన వస్తుంది. తర్వాత తడి మట్టి మీద డెక్కల చప్పుడు వినిపిస్తుంది. అప్పుడే గేటు దగ్గరికి వెళ్ళకండి. ఒక టీ తాగి, తొమ్మిది అయ్యేవరకూ ఆగి, జమేదారు ఎవరని అడగండి.